గ్రాఫిక్స్ కార్డుల వేగం, షేడర్ కచ్చితత్వం: విశాఖలో ఇంటి దగ్గరే పోల్చి చూసే పద్ధతి

ద్వారకానగర్ కంప్యూటర్ దుకాణాల్లో కొనేవారు మొదట అడిగేది ఒకటే: "ఈ కార్డుకు ఎన్ని ఫ్రేమ్‌లు వస్తాయండీ?" కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందని అడగడమన్నమాట. దుకాణదారు ఒక అంకె చెబుతాడు, పక్క కార్డుకు ఇంకో అంకె చెబుతాడు, బేరం మొదలవుతుంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. రెండు కార్డులూ గీస్తున్నది ఒకే బొమ్మేనా? ఒకటి పూర్తి కచ్చితత్వంతో లెక్క వేస్తుంటే, మరొకటి సగం కచ్చితత్వంతో సరిపెడుతుంటే, ఒకరు మెట్లెక్కి, ఇంకొకరు రోప్‌వేలో కైలాసగిరి చేరి ఎవరు గెలిచారని వాదించుకున్నట్టే ఉంటుంది. అందుకే నన్ను ఎవరు అడిగినా ముందు బొమ్మ చూడమంటాను, వేగం ఆ తర్వాత. ఈ వ్యాసం నడిచేదీ ఆ వరుసలోనే.

కచ్చితత్వం ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ చాలదు

తెర మీద ప్రతి చుక్కకూ రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామే పిక్సెల్ షేడర్. దాని లెక్కలు దాదాపు అన్నీ దశాంశ సంఖ్యలతో జరుగుతాయి. 32 బిట్ల సంఖ్యలో 1 బిట్ ధన, రుణ చిహ్నానికి, 8 ఘాతానికి (సంఖ్య ఎంత పెద్దదో చెప్పేది), 23 భిన్న భాగానికి (అందులోని అంకెలు చెప్పేది) పోతాయి. సుమారు 7 అంకెల వరకు దాన్ని నమ్మవచ్చు. 16 బిట్ల సంఖ్యలో ఆ పంపకం 1, 5, 10. అది 3 అంకెల వరకే నమ్మకం, 65,504 దాటితే సంఖ్యే పట్టదు.

అలాగని 16 బిట్లు చెడ్డవి కావు. మామూలు మానిటర్ ఒక్కో రంగులో 256 మెట్లు చూపిస్తుంది. 0.5 నుంచి 1 లోపు 16 బిట్ల సంఖ్య వేసే అడుగు, అంటే పక్కపక్క విలువల మధ్య తేడా, 1/2048. రంగులు కలపడానికి అది ధారాళంగా సరిపోతుంది. చిక్కంతా చోటును, కాలాన్ని లెక్కపెట్టేటప్పుడే వస్తుంది. 4096 చుక్కల వెడల్పున్న టెక్స్‌చర్‌లో (వస్తువు ఉపరితలం మీద అతికించే బొమ్మలో) ఎక్కడ చదవాలో చెప్పే సంఖ్య 0కీ 1కీ మధ్య ఉంటుంది. కుడి సగంలో అడుగు 1/2048 కాబట్టి ఒక్కో అడుగుకు రెండు చుక్కలు దాటిపోతాం, నున్నగా ఉండాల్సిన గీత మెట్లుమెట్లుగా విరుగుతుంది. గేము లోకంలో మూలబిందువుకు 600 మీటర్ల దూరంలో ఉన్న వస్తువు స్థానాన్ని 16 బిట్లలో రాస్తే అర మీటరు కంటే సన్నగా చెప్పడం కుదరదు. ఆట మొదలై 20 నిమిషాలు గడిచాక సెకన్ల లెక్కను 16 బిట్లలో ఉంచితే గడియారం సెకనుకొక గెంతు వేస్తుంది. దాని మీద ఆధారపడిన అలలు కూడా అలాగే గెంతుతాయి.

మంచి గేము ఇంజనీరు రంగుకు 16, చోటుకూ కాలానికీ 32 వాడతాడు. అది నేర్పు. పోల్చేవారు పట్టుకోవలసింది ఈ నేర్పును కాదు, ఒక కార్డుకు మాత్రమే అందిన రాయితీని.

ఈ తగవు పాతదే

2002 ఆగస్టులో వచ్చిన ఏటీఐ రేడియాన్ 9700 ప్రో పిక్సెల్ షేడర్ లెక్కలను 24 బిట్లలో చేసేది. 2003లో దుకాణాలకు చేరిన ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 16 బిట్లలోనూ చేసేది, 32 బిట్లలోనూ చేసేది. విండోస్ గేములు కార్డుతో మాట్లాడే ప్రమాణమైన డైరెక్ట్ఎక్స్ 9 పూర్తి కచ్చితత్వానికి కనీసం 24 బిట్లు ఉండాలంది. ఇక్కడ తక్కువైనా పరవాలేదని గేము రాసినవారు సూచించిన చోట మాత్రం 16 చాలు. ఫలితంగా ఒకే గేము ఒక కార్డులో 24తో, ఇంకో కార్డులో 32తోనో 16తోనో నడిచేది. ఎఫ్ఎక్స్‌లో 32 బిట్ల సంఖ్యలు రిజిస్టర్లలో (చిప్ లోపలి చిన్న తాత్కాలిక నిల్వలో) రెట్టింపు చోటు తినేవి, ఆ చోటు నిండేకొద్దీ వేగం పడిపోయేది. 2004 నవంబరులో హాఫ్‌లైఫ్ 2 విడుదలైనప్పుడు ఎఫ్ఎక్స్ కార్డులను గుర్తించగానే దానంతటదే డైరెక్ట్ఎక్స్ 8 తరం దారికి మళ్లేది. ఆ రోజుల్లో రెండు కార్డుల ఫ్రేమ్‌ల అంకెలను సెట్టింగులు తాకకుండా పక్కపక్కన ముద్రించినవారు వేర్వేరు నీళ్లను, వేర్వేరు ప్రతిబింబాలను పోల్చారన్నమాట.

2003 మే నెలలో కార్డుల వేగం కొలిచే 3డీమార్క్03 పరీక్ష తయారీదారు ఫ్యూచర్‌మార్క్ ఒక సంగతి బయటపెట్టింది. కొన్ని డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఆ పరీక్షను గుర్తుపట్టి దానికోసం ప్రత్యేకంగా ప్రవర్తిస్తున్నాయి. పరీక్షలో కెమెరా ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది. ఆ దారిలో కనిపించని భాగాలను గీయకుండా వదిలేసే ఏర్పాటు డ్రైవర్‌లో ఉంది. కెమెరాను దారి తప్పించి చూస్తే చెదిరిన బొమ్మ దొరికింది. గేముతో వచ్చే పరీక్ష ఒక్కదాన్నే నమ్మవద్దని, సొంతంగా నడిచిన దారినీ కొలవమని నేను పట్టుబట్టేది అందుకే.

2006 చివర్లో విండోస్ విస్టాతో వచ్చిన డైరెక్ట్ఎక్స్ 10 తరంలో 32 బిట్లు తప్పనిసరి కావడంతో ఈ గొడవ సద్దుమణిగింది. తర్వాత విండోస్ 8 కాలంలో కనీసం 16 బిట్లుంటే చాలు అని చెప్పే రకం సంఖ్యలు షేడర్ భాషలోకి తిరిగి వచ్చాయి. ఏఎండీ (అప్పటికే ఏటీఐని కొనేసింది) 2017లో తెచ్చిన వేగా కార్డులు 16 బిట్ల లెక్కలను రెట్టింపు వేగంతో చేశాయి. రేడియాన్ ఆర్ఎక్స్ వేగా 64కు కాగితం మీద 32 బిట్లలో సెకనుకు 12.66 లక్షల కోట్ల లెక్కలు, 16 బిట్లలో దానికి రెట్టింపు. ఎన్విడియా 2018లో ట్యూరింగ్ తరం కార్డులతో అదే చేసింది. దానికి ముందున్న జీటీఎక్స్ 1080లో 16 బిట్ల వేగం 32 బిట్ల వేగంలో 64వ వంతు మాత్రమే, అంటే వాడినా లాభం లేదు. ఆర్టీఎక్స్ 3080లో టెన్సర్ విభాగాలను (ఏఐ లెక్కలకు వేరుగా ఉన్నవాటిని) పక్కన పెడితే రెండూ సమానం. కాబట్టి 16 బిట్లు వాడిన గేము ఒక తరం కార్డును పైకి లేపుతుంది, మరో తరాన్ని ఉన్నచోటే ఉంచుతుంది.

అట్ట మీద రెట్టింపు అని ఉంటే గేము కూడా రెట్టింపు వేగంతో నడుస్తుందని అనుకోకండి. సెకనుకు 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. అందులో 16 బిట్లకు మార్చగలిగిన పని 30 శాతం అనుకుందాం. ఆ భాగం సగం కాలంలో ముగిస్తే మిగిలేది 14.2 మిల్లీసెకన్లు, అంటే సుమారు 70 ఫ్రేమ్‌లు. లాభమే, కానీ ప్రచారంలో వినిపించే లాభం కాదు.

రంగం సిద్ధం చేయడం

మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, మానిటర్ మారకుండా కార్డు ఒక్కటే మార్చండి. ఎన్విడియా నుంచి ఏఎండీకి, లేదా అటు నుంచి ఇటు మారేటప్పుడు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేయండి. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చేరుకునే ఏర్పాటు) రెండింటికీ ఉండాలి, లేదా రెండింటికీ ఉండకూడదు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాధనంలో కార్డు ఎన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్ల (మదర్‌బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారుల) మీద నడుస్తోందో చూడండి. రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవే 4 లేన్లు. దాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 బోర్డులో పెట్టి కొలిస్తే ఆ ఫలితం పాత బోర్డులవారికే వర్తిస్తుంది.

గేములో డైనమిక్ రిజల్యూషన్, వేరియబుల్ రేట్ షేడింగ్, డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్, ఫ్రేమ్ జనరేషన్, వీసింక్, ఫ్రేమ్‌ల పరిమితి అన్నీ ఆపేయండి, ఇవి గీసే వివరాన్నో ఫ్రేమ్‌ల సంఖ్యనో మార్చేస్తాయి. గ్రాఫిక్స్ నాణ్యతను ఆటోలో వదలకుండా మీరే ఒక్కొక్కటిగా పెట్టండి, కార్డును చూసి గేము తనంతట తాను మార్చే అవకాశం అప్పుడే పోతుంది. ఆ తర్వాత డ్రైవర్ లోపలి సెట్టింగులు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో టెక్స్‌చర్ ఫిల్టరింగ్ (దూరంగా, ఏటవాలుగా కనిపించే ఉపరితలాలను నున్నగా చూపే పని) మామూలుగా క్వాలిటీ మీద ఉంటుంది, దాన్ని హై క్వాలిటీకి మార్చండి. ఏఎండీ డ్రైవర్‌లోనూ టెక్స్‌చర్ ఫిల్టరింగ్‌ను హై చేయండి, సర్ఫేస్ ఫార్మాట్ ఆప్టిమైజేషన్ కనిపిస్తే ఆపండి. ఈ చివరిది మన విషయానికి సూటిగా సంబంధించినది. కొన్ని గేముల్లో బొమ్మను దాచే మెమరీ ఫార్మాట్‌నే అది చిన్నదిగా మారుస్తుంది.

ఎలాగో చూడండి. పిక్సెల్‌కు, అంటే ఒక్కో చుక్కకు, 64 బిట్ల ఫార్మాట్‌లో నాలుగు భాగాలకూ (మూడు రంగులు, పారదర్శకత) 16 బిట్ల చొప్పున దక్కుతాయి. దాని బదులు చుక్క మొత్తానికి 32 బిట్ల ఫార్మాట్ పెడితే ఎరుపుకు 11, ఆకుపచ్చకు 11, నీలానికి 10 బిట్లు. నీలం భిన్న భాగానికి మిగిలేవి 5 బిట్లే. 4కే తెర మీద ఒక్క బొమ్మ 66 మెగాబైట్ల నుంచి 33కు దిగుతుంది, మెమరీ రాకపోకలు సగమవుతాయి, వేగం పెరుగుతుంది. మూల్యం చెల్లించేది సంధ్యాకాశం. భీమిలి రోడ్డులో సాయంత్రం సముద్రం మీద ఆకాశం చూసిన విశాఖవాసికి నీలం ఎంత మెత్తగా కరగాలో ఎవరూ చెప్పనక్కరలేదు. గేములో అది వలయాలుగా విరిగితే అనుమానించండి.

విశాఖలో గది సంగతి కూడా పట్టించుకోవాలి. మే నెలలో విజయవాడంత ఎండ ఇక్కడ ఉండకపోయినా ఉక్కపోత వదలదు, గాలి ఆడని గదిలో కంప్యూటర్ పెట్టెలోని వేడి త్వరగా పేరుకుంటుంది. నేటి కార్డులు వేడెక్కేకొద్దీ తమ క్లాక్‌ను (లెక్కలు వేసే వేగాన్ని) కొద్దికొద్దిగా తగ్గించుకుంటాయి. చల్లటి కార్డు మొదటి నిమిషంలో చూపించే వేగం దాని నిలకడ వేగం కాదు. ఏసీ ఉంటే ఒకే అంకె మీద ఉంచండి, లేకపోతే రెండు కార్డులనూ రాత్రి ఒకే వేళప్పుడు పరీక్షించండి. గది ఉష్ణోగ్రతను ఫలితం పక్కనే రాయండి. కొలవడానికి ముందు 15 నిమిషాలు గేము నడిపి కార్డును వేడెక్కనివ్వండి. కరెంటు పోయి యూపీఎస్ మీదకు మారిన పరీక్షను లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ మొదలుపెట్టండి.

బొమ్మను పోల్చడం

ఒకే సేవ్ ఫైలు, ఒకే చోటు, కదలని కెమెరా. ఫిల్మ్ గ్రెయిన్, మోషన్ బ్లర్, క్రోమాటిక్ అబెరేషన్ అనే అలంకారాలను ఆపేయండి. హెచ్‌డీఆర్ (ఎక్కువ వెలుగు పరిధి చూపే విధానం) ఆపేసి స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీగా దాచండి, జేపీఈజీ వద్దు. ఫోనుతో మానిటర్‌ను ఫొటో తీయడం అసలే వద్దు. "ఈ కంపెనీ రంగులు బాగుంటాయి" అనే మాట చాలాచోట్ల వింటాం. దాని వెనక తరచూ ఉండేది హెచ్‌డీఎంఐ తీగలో వెళ్లే రంగుల పరిధి సెట్టింగు తేడా. స్క్రీన్‌షాట్ తీగలోకి వెళ్లకముందే పుడుతుంది కాబట్టి ఆ గందరగోళం దానికి అంటదు.

ఇక్కడ చాలామంది దాటేసే పని ఒకటుంది. మొదట ఒకే కార్డుతో ఒకే చోట రెండు స్క్రీన్‌షాట్లు తీసి, వాటినే ఒకదానితో ఒకటి పోల్చండి. గాలికి ఊగే ఆకులు, మేఘాలు, ప్రతి ఫ్రేమ్‌లోనూ బొమ్మను కాస్త కదిపి అంచులను నున్నగా చేసే టీఏఏ కారణంగా ఈ రెండింటి మధ్యా తేడా కనిపిస్తుంది. ఆ తేడా మీ కొలత లోపలి చప్పుడు, కార్డుల తేడా కాదు. రెండు కార్డుల మధ్య తేడా దానికంటే పెద్దదైతేనే మాట్లాడాలి.

పోలికకు గింప్ అనే ఉచిత బొమ్మల ఎడిటర్ చాలు. రెండు బొమ్మలను ఒకదాని మీద ఒకటి పొరలుగా పెట్టి, పై పొరను డిఫరెన్స్ విధానానికి మార్చండి. సమానమైన చోట్లన్నీ నల్లబడతాయి. లెవెల్స్‌తో ప్రకాశాన్ని బాగా పెంచి చూడండి. అంచుల వెంట చెల్లాచెదురు చుక్కలుంటే అది టీఏఏ పని. దూరపు నేల మీద వివరం మొత్తంగా తేడా వస్తే టెక్స్‌చర్ ఫిల్టరింగ్. ఆకాశంలో, పొగమంచులో, లోహపు మెరుపులో ఒక క్రమంతో సాగే వలయాలుంటే అది కచ్చితత్వం తగ్గిన గుర్తు.

వలయాలన్నీ షేడర్ పాపమే కావు. మానిటర్‌కు పోయే 8 బిట్ల బొమ్మలోనూ సన్నటి వలయాలు సహజం. ఆ రెంటినీ విడదీయడానికి ఆకాశంలో వలయాన్ని అడ్డంగా దాటే చుక్కల వరుసను రంగు గుర్తించే పరికరంతో ఒక్కొక్కటిగా చదవండి. నీలం విలువలు 23, 23, 23, 24, 24, 24, 25 అని వస్తే అడుగు ఒక్కటే, అంతకంటే సన్నగా 8 బిట్లలో చూపించడం సాధ్యం కాదు, తప్పు పట్టడానికి లేదు. అదే వరుస 23, 23, 23, 26, 26, 26, 29 అని గెంతితే, 24, 25 అనే విలువలు బొమ్మ తెరకు రాకముందే ఎక్కడో పోయాయి. ఇంకో కార్డులో అదే చోట అన్ని విలువలూ వరుసగా ఉంటే మీకు గట్టి ఆధారం దొరికినట్టే.

ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవారికి రెండర్‌డాక్ అనే సాధనం ఉంది. ఉచితం, డైరెక్ట్ఎక్స్ 11, 12, వాటిలాంటిదే అయిన వల్కన్ గేముల నుంచి ఒక ఫ్రేమ్‌ను పట్టి, ఏ దశలో ఏ ఫార్మాట్‌లో గీస్తోందో, షేడర్‌లో ఏ సంఖ్యలు 16 బిట్లవో చూపిస్తుంది. డ్రైవర్ లోలోపల చేసే మార్పులు మాత్రం ఇందులో కనిపించవు, గేము అడిగినదే కనిపిస్తుంది. గేము రెండు కార్డులకూ ఒకటే అడిగి, బొమ్మలు వేరుగా వస్తే కారణాన్ని డ్రైవర్‌లో వెతకాలి. మోసాలను పట్టే రక్షణ ఉన్న ఆన్‌లైన్ గేములకు దీన్ని తగిలించవద్దు, మీ ఖాతా నిషేధానికి గురికావచ్చు.

కార్డునే సూటిగా అడిగే చిన్న షేడర్

ప్రోగ్రామింగ్ చదువుకునే విద్యార్థులకు ఈ పరీక్ష చాలా నచ్చుతుంది. 16 బిట్లలో 2048కి 1 కలిపితే 2049 రాదు, 2048గానే ఉండిపోతుంది, ఎందుకంటే అక్కడి నుంచి అడుగు 2. అదే పని 24 బిట్ల పాత రేడియాన్‌లలో 1,31,072 దగ్గర, 32 బిట్లలో 1,67,77,216 దగ్గర జరుగుతుంది. కాబట్టి కలిపిన తర్వాత విలువ మారకపోతే ఎరుపు, మారితే ఆకుపచ్చ గీసే రెండు వరుసల షేడర్ రాస్తే కార్డు నిజంగా ఎన్ని బిట్లు వాడుతోందో రంగే చెబుతుంది.

కలిపే ఆ రెండు సంఖ్యలనూ షేడర్ లోపల రాయకుండా బయటి నుంచి కాన్‌స్టంట్ బఫర్‌లో (షేడర్‌కు ప్రోగ్రామ్ విలువలు అందించే చోటులో) పంపాలి. లోపలే రాస్తే కంపైలర్ (షేడర్‌ను కార్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చేది) ముందే లెక్క చేసేసి కార్డుకు పని లేకుండా చేస్తుంది. కంపైలర్ లెక్కను తిరగరాయకుండా కలిపిన ఫలితానికి ప్రిసైజ్ అనే గుర్తు పెట్టండి. ఇందులో ఆసక్తికరమైన చోటు కనీసం 16 బిట్లు అనే రకం. కనీసం అన్నారు కాబట్టి డ్రైవర్ 32లో చేసినా నియమం తప్పినట్టు కాదు. ఒకే షేడర్ ఒక కార్డులో ఎరుపు, ఇంకో కార్డులో ఆకుపచ్చ చూపించవచ్చు, రెండూ సరైనవే. షేడర్ భాష కూర్పుల్లో షేడర్ మోడల్ 6.2 నుంచి కచ్చితంగా 16 బిట్లే కావాలని అడిగే రకం కూడా వచ్చింది. బ్రౌజర్‌లో మీడియంపీ (మధ్యస్థ కచ్చితత్వం) అని రాసి ప్రయత్నిస్తే డెస్క్‌టాప్ కార్డు సాధారణంగా 32లోనే చేసి ఆకుపచ్చ చూపిస్తుంది, అదే పేజీని ఫోనులో తెరిస్తే ఎరుపు కనిపించే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు వేగం

బొమ్మ సమానమని తేలాకే ఇక్కడికి రండి. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ గానీ ప్రెజెంట్‌మాన్ గానీ అనే సాధనం వాడి ఫ్రేమ్ కాలాలను (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయాన్ని) రికార్డు చేయండి. సగటు ఒక్కటే చూడటం ఎందుకు చాలదో ఈ లెక్క చెబుతుంది. ఒక సెకనులో 100 ఫ్రేమ్‌లు వచ్చాయి. 99 ఫ్రేమ్‌లు 8 మిల్లీసెకన్ల చొప్పున 792 తీసుకున్నాయి, మిగిలిన ఒక్కటే 208 మిల్లీసెకన్లు తీసుకుంది. సగటు 100. కంటికి మాత్రం ఆట సెకనులో ఐదో వంతు సేపు ఆగిపోయింది.

అందుకే 1 శాతం కనిష్ఠం, అంటే అతి నెమ్మదైన ఫ్రేమ్‌ల దగ్గర వేగం, చూస్తాం. సాధనాన్ని బట్టి దీని అర్థం మారుతుంది. కొన్ని 99వ శతాంశాన్ని (99 శాతం ఫ్రేమ్‌లు అంతలోపే ముగిసే కాలాన్ని) ఇస్తాయి, కొన్ని అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేమ్‌ల సగటును ఇస్తాయి. రెండు కార్డులకూ ఒకే సాధనం వాడండి. నిమిషం పాటు 100 ఫ్రేమ్‌ల వేగంతో నడిస్తే 6000 ఫ్రేమ్‌లు, అందులో 1 శాతం 60. దాన్ని నమ్మవచ్చు. 0.1 శాతం అంటే 6 ఫ్రేమ్‌లే, అంత చిన్న గుంపు మీద తీర్పు చెప్పకండి.

డైరెక్ట్ఎక్స్ 12 గేముల్లో మొదటి నడకను పారేయండి, షేడర్లు కంపైల్ అవుతూ తడబాటు వస్తుంది. ఆ తర్వాత ఒకే దారిలో కనీసం మూడుసార్లు నడవండి. వరుస కూడా ముఖ్యం: మొదటి కార్డు, రెండో కార్డు, మళ్లీ మొదటి కార్డు. రెండోసారి పెట్టినప్పుడు మొదటి కార్డు అంకె మారిపోయి ఉంటే ఈలోగా గది వేడో, విండోస్ అప్‌డేటో, గేము అప్‌డేటో జోక్యం చేసుకుందని అర్థం. అప్పుడు అంతా మొదటికి రావలసిందే.

కార్డునే కొలుస్తున్నారా, ప్రాసెసర్‌ను కొలుస్తున్నారా? రిజల్యూషన్‌ను 1440పీ నుంచి 1080పీకి దించినా ఫ్రేమ్‌లు పెరగకపోతే అడ్డు ప్రాసెసరే. ఆ స్థితిలో రెండు కార్డులూ సమానంగా కనిపిస్తాయి, ఆ సమానత్వానికి అర్థం లేదు.

అన్నీ అయ్యాక ఆపిన సెట్టింగులను ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చి మళ్లీ కొలవండి. 16 బిట్ల దారితో గానీ చిన్న ఫార్మాట్‌తో గానీ ఎంత వేగం వచ్చింది, దానికి బొమ్మలో ఏం పోయింది అనే జంట లెక్క అప్పుడు చేతికొస్తుంది. నా దృష్టిలో 10 శాతం వేగానికి కంటికి ఆనని తేడా మంచి బేరమే. ఆకాశం విరిగితే 20 శాతమిచ్చినా నాకు వద్దు.

పాత కార్డు కొనేటప్పుడు, దుకాణంలో అరగంటే దొరికితే

సెకండ్ హ్యాండ్ కార్డుకు ఇంత తతంగం కుదరదు. సముద్రం దగ్గరి ఇళ్లలో వాడిన కార్డుకు ఉప్పుగాలి పట్టే అవకాశం ఉంది కాబట్టి ముందు వెనకవైపు లోహపు పట్టీని, స్క్రూలను, పోర్టుల లోపలి భాగాన్ని వెలుతురులో చూడండి. తుప్పు గానీ పచ్చటి చిలుము గానీ ఉంటే వదిలేయండి. జీపీయూ-జెడ్‌లో చిప్ పేరు, షేడర్ల సంఖ్య, మెమరీ రకం అట్ట మీదివాటితో సరిపోవాలి. తర్వాత మీకు బాగా తెలిసిన గేమును, మీ ఇంట్లో స్క్రీన్‌షాట్ తీసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న సేవ్ ఫైలుతో తెరిచి, అదే చోట ఒక స్క్రీన్‌షాట్ తీయండి. మిగిలిన సమయమంతా గేమును నడవనిచ్చి ఉష్ణోగ్రత, క్లాక్ ఎక్కడ నిలబడుతున్నాయో చూడండి. "ఏసీ గదిలోనే ఇంత వేడెక్కితే మా ఇంట్లో ఎలాగండీ?" అని అడగడానికి మొహమాటపడకండి. కొనాలనుకుంటే కార్డు మీది సీరియల్ నంబరును బిల్లులో రాయించుకోండి.